తూర్పు హద్దున వాల్టర్ పొలం

మొన్న ఆదివారం మా మనవరాలు ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఇందులో ఉమ్ము, ప్లీజ్" అంది. అరవై ఆరేళ్ళు వచ్చాక ఎవరో ఒకరు మనకి ఒక పని చెప్పడమే భాగ్యం కనుక, ఎందుకని కూడా అడక్కుండా ఉమ్మేశాను. ఆ గొట్టం పోస్టులో పంపిస్తే మన పూర్వీకులు ఎక్కడెక్కడి వాళ్ళో చెబుతారట. అది తేలేలోపు నీకు తెలిసినవి చెప్పు, మీ తాతగారికి తాతగారి పేరేమిటి అని ఫోన్ తెరుచుకుని నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అమ్మ వైపు మూడు తరాలు, నాన్న వైపు రెండు తరాలు గబగబా చెప్పేసి ఆ పైన నీళ్ళు నమిలాను. "అంతేనా?" అంది పిల్ల, ఆ మాట మాత్రం శుభ్రమైన తెలుగులో.

నాకు సిగ్గు కన్నా నవ్వు ఎక్కువొచ్చింది. ఎందుకంటే సొంత వంశంలో మూడో తరం దాటలేని నేను, ఇంగ్లండు మట్టి ఎన్నడూ తొక్కని నేను, అక్కడి ఒక పాతకాలపు భూస్వాముల ఇంట్లో పధ్నాలుగు తరాల పేర్లు ఇవాళ్టికీ తడుముకోకుండా అప్పజెప్పగలను. ఎవరి కొడుకు ఎవరు, ఏ పొలం ఎవరికి వచ్చింది, ఎవరు ఎవరితో తగాదా పడ్డారు, అన్నీ తెలుసు. పిల్ల వెళ్ళిపోయాక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటే, ఆ పేర్లన్నీ ఒకదాని వెనక ఒకటి గట్టు మీద నడిచి వచ్చినట్టు వచ్చాయి. వాటి వెనక ఆంటీ వచ్చింది.

ముప్పై ఏళ్ళ పైమాట. మావారికి న్యూజిలాండ్‌లో ఉద్యోగం దొరికి, వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్ అనే ఊళ్ళో ఒక ఇరుకు ఫ్లాట్‌లో దిగాం. ఆయన పొద్దున్నే రైలెక్కి వెల్లింగ్టన్ వెళ్ళిపోయేవారు, మా అమ్మాయి బడికి వెళ్ళిపోయేది, నేనూ గాలీ మిగిలేవాళ్ళం. ఇక్కడి గాలి సంగతి తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళకి చెప్పినా నమ్మరు. ఆరేసిన చీర ఒకసారి మూడిళ్ళ అవతల దొరికింది. అప్పట్లో వచ్చిన మన ఆడవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, మన దేశంలో కష్టపడి తెచ్చుకున్న పట్టాలు ఇక్కడ ట్రంకుపెట్టె అడుగున పరుచుకోవడానికి తప్ప దేనికీ పనికొచ్చేవి కావు. నా చరిత్ర ఎమ్మే కూడా అలాగే పెట్టె అడుగున ఉండేది. ఒకరోజు వీధి మూల డైరీకి వెళ్ళాను. ఇక్కడ పాలూ రొట్టే పేపరూ అమ్మే చిల్లరకొట్టుని డైరీ అంటారు. దాని అద్దానికి ఒక అట్టముక్క అంటించి ఉంది. చూపు మందగించిన పెద్దావిడకి పాత కాగితాలు చదివిపెట్టే మనిషి కావాలి, వారానికి నాలుగు మధ్యాహ్నాలు, ఓపిక ముఖ్యం అని రాసుంది. చదువు సంగతి ఎలా ఉన్నా ఓపికకి నాకు లోటు లేదనుకుని వెళ్ళాను.

ఆవిడకప్పుడు ఎనభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. కంటి మధ్యలో మసక కమ్మే జబ్బు. పక్కనుంచి వెళ్ళే మనిషి కనిపిస్తుంది గానీ ఎదురుగా పెట్టుకున్న అక్షరం మాయమవుతుంది. మొదటిరోజే తనని పేరు పెట్టి పిలవమంది. అమ్మ కన్నా పెద్దదాన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, ఆంటీ అన్నాను. నేను నీకు ఆంటీని కాను అంది కటువుగా. మర్నాడు మళ్ళీ ఆంటీ అన్నాను. నెల తిరిగేసరికి, నేను తలుపు తట్టగానే లోపల్నించి "ఆంటీ ఈజ్ ఇన్" అని కేకేసేది.

ఆవిడ పని ఏమిటంటే వంశవృక్షం. వాళ్ళ తాతముత్తాతలు ఓడెక్కి న్యూజిలాండ్ రాకముందు, ఏడెనిమిది వందల ఏళ్ళ వెనక్కి, ఇంగ్లండులో ఒక ఏటి పక్కన ఊళ్ళో భూములున్న కుటుంబం వాళ్ళది. వాళ్ళ నాన్నగారు జీవితమంతా ఆ కాగితాలు పోగుచేసి, గోడంత పొడుగు పటం గీసి, పూర్తి చేయకుండా పోయారు. నలభై ఏళ్ళ నుంచి ఆంటీ దాన్ని పూర్తి చేస్తోంది. ఇంగ్లండులో ఒక రిటైరైన పంతులుగారు లాటిన్ దస్తావేజుల్ని ఇంగ్లీషులోకి మార్చి కట్టలు కట్టి పంపేవారు. పటమంతా నల్ల సిరాతో నిండు గీతలు; ఒక్కచోట మాత్రం, రాబర్టు అనే ఆయనకీ వాల్టర్ అనే ఆయనకీ మధ్య, చుక్కల గీత. రాబర్టు పోయాక అదే పొలం, అదే ఇంటిపేరుతో వాల్టర్ చేతిలో కనిపిస్తుంది. కొడుకే అయ్యుంటాడని అందరి ఊహ, రుజువు మాత్రం లేదు. ఆ ఒక్క లింకు తెగిందంటే పైన ఉన్న ఆరు తరాలూ గాలిలో వేలాడతాయి. చూపు పూర్తిగా పోయేలోపు ఆ చుక్కల గీత సంగతి తేల్చి పుస్తకం అచ్చు వేయించాలని ఆవిడ పట్టుదల. డాక్టరు ఏడాది అన్నాడట. తను ఎనిమిది నెలలే అనుకుని పనిచేస్తోంది.

ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో చెప్పలేను. కొండకి ఎదురుగా గది, సన్నటి వాన, పాలు పోసిన టీ, నా గొంతు తప్ప చప్పుడు లేదు. ఫలానా వాడు ఫలానా వాడికి ఇంత నేల, ఇంత గడ్డిభూమి, ఏటా ఒక జత తెల్ల చేతితొడుగులు ఇచ్చే షరతు మీద ఇచ్చెను అని చదువుతూ పోతుంటే నాకే ఒక రకమైన మగత కమ్మేది. ఆ మగతలో ఇంగ్లండు పొలాలు మా కృష్ణ కాలువ కింద పొలాలైపోయేవి. గోధుమ పోయి వరి వచ్చేది, కొంగలు వాలేవి, రాబర్టుగారు పంచె పైకి కట్టి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. ఒక్కోసారి ఆంటీ కూడా కళ్ళు మూసుకుని వినేది, నిద్రపోయిందేమోనని ఆపితే, "ఊఁ, తర్వాత?" అనేది. ఆ గదిలో ఇద్దరం కలిసి ఏ దేశంలోనూ లేని ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం.

ఆ దస్తావేజులు నాకంత చనువుగా అనిపించడానికి కారణం మా నాన్నగారు. ఆయన రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాసేవారు. ఎవరైనా పాత కాగితం తెస్తే అమ్మినవాడి పేరూ కొన్నవాడి పేరూ చూసేవారు కాదు, తిన్నగా చెక్కుబందీకి వెళ్ళేవారు, అంటే నాలుగు వైపులా హద్దులు రాసే చోటికి. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ డొంక, పడమర ఏ బోదె, ఉత్తరాన ఎవరి దొడ్డి. సొంత కాగితంలో మనిషి తన గురించి గొప్పలు రాయించుకుంటాడమ్మా, పక్కవాడి కాగితంలో మాత్రం వాడు వాడిలాగే ఉంటాడు అనేవారు. లింకు డాక్యుమెంటు పోయిన పొలాలకి ఆయన పక్కపొలాల కాగితాలు తెప్పించి లింకు కలిపేవారు.

ఇదే ఆంటీకి చెప్పాను. మీవాళ్ళ కాగితాలు నలభై ఏళ్ళు చదివారు, ఇక పక్కవాళ్ళవి తెప్పించండి అన్నాను. పిల్లని చంకలో పెట్టుకుని సంతంతా వెతికినట్టు, నాన్నా కూతురూ ఇన్నేళ్ళూ ఇంటిపేరున్న కాగితాలే పోగుచేశారు గానీ, ఆ పొలం గట్టుకి అవతల ఎవరున్నారని ఒక్కసారీ చూడలేదు. ఆంటీ ఆ సాయంత్రమే పంతులుగారికి నాచేత ఉత్తరం రాయించింది. పడమటి పక్కన చర్చి భూమి ఉండేదని తెలుసు కనుక ఆ చర్చి దస్తావేజులన్నీ కావాలని అడిగాం.

నాలుగు నెలలకి కట్ట వచ్చింది. మూడోదో నాలుగోదో కాగితం చదువుతున్నాను. ఎవరో భక్తుడు చర్చికి రాసిచ్చిన పొలం చెక్క, దాని హద్దులు. గొంతు కన్నా కన్ను ముందు పరిగెడుతుంది కదా, నోరు ఇంకా మొదటి మాట దగ్గరుండగానే కన్ను చివరికి వెళ్ళిపోయింది. తూర్పున వాల్టర్ పొలం, అతను మిల్లు ఆడించేవాడి కొడుకు, రాబర్టు కూతురు ఆలిస్‌ని పెళ్ళాడినందున ఆమె ద్వారా అతనికి సంక్రమించినది. అదీ వాక్యం. అంటే వాల్టర్ కొడుకు కాడు, అల్లుడు. అత్తవారి పొలం, అత్తవారి ఇంటిపేరు పుచ్చుకున్న ఇల్లరికపు అల్లుడు.

నేను "తూర్పున వాల్టర్ పొలం" అని చదివి, దక్షిణపు హద్దులోకి వెళ్ళిపోయాను.

ఎందుకు దాటేశానో ఇంగ్లీషువాళ్ళకి చెబితే అర్థం కాదు, మీకు చెబితే అర్థమవుతుంది. మా నాన్నగారు ఇల్లరికం వచ్చినవారు. ఊళ్ళో సగం పొలాల తగవులు తీర్చిన మనిషిని ఆ ఊరు చివరిదాకా పేరు పెట్టి పిలవలేదు, ఫలానా వారి అల్లుడు అనే అంది. పెళ్ళిపంక్తిలో ఆయన విస్తరిలో నెయ్యి పడగానే ఎవడో ఒకడు, అత్తారింటి నెయ్యి మహా వంటబట్టిందే అనేవాడు, పంక్తంతా నవ్వేది, ఆయనా నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఎవరినైనా కొరకాలనిపించేది. అందుకని ఆ వాక్యం చూడగానే, పాపం ఎనభై రెండేళ్ళ మనిషికి, ఇంత గొప్ప వంశమని నమ్ముకున్న మనిషికి, మీ మూలపురుషుడు ఇల్లరికపు అల్లుడమ్మా, పిండిమర వాడి కొడుకమ్మా అని ఏ నోటితో చెప్పను అనిపించింది. జాలిపడ్డాననుకున్నాను. నిజానికి ఆవిడ ముఖంలో మా ఊరివాళ్ళని చూశాను.

కట్ట అయిపోయింది. వ్యతిరేకంగా ఏమీ దొరకలేదు కనుక ఇక నిండు గీత గీయొచ్చని ఆంటీ తేల్చుకుంది. 'వాల్టర్, రాబర్టు కుమారుడు' అని నాచేతే టైపు చేయించింది. మా నాన్నగారు రాసిన ప్రతి దస్తావేజు కిందా 'దస్తూరి' అని రాసి తన పేరు పెట్టేవారు, అంటే ఈ రాత నాది, దీనికి నేను జవాబుదారీ అని. ఆయన కూతురి చేతులతో ఆ అబద్ధం అచ్చు అక్షరాల్లోకి ఎక్కింది. తొమ్మిది రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. సంగతి చెబితే మావారు, "ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటి మామా అల్లుళ్ళ మధ్య నువ్వెందుకే దూరావు?" అన్నారు. నవ్వించాలనే అన్నారు గానీ నాకు ఏడుపొచ్చింది. అప్పుడాయన నవ్వు ఆపి, రేపు వెళ్ళి చెప్పేయ్, అదే మంచిది అన్నారు.

వెళ్ళి, కూర్చోకుండానే, ఆ కాగితం తీసి మొత్తం చదివాను. ఆంటీ రెండోసారి చదవమంది. చదివాను. ఇది నీకు ఎప్పట్నించి తెలుసు అని అడిగింది. తొమ్మిది రోజులన్నాను. ఆవిడ అరవలేదు, అరిచినా బాగుండేది.

"నాకు మిగిలినవి నీ కళ్ళే. వాటిని నమ్మి కూర్చున్నాను. నువ్వు వాటితోనే నన్ను గుడ్డిదాన్ని చేశావు. ఇంటికి వెళ్ళు."

మా ఊరి ఏటి గట్టు మీదుగా నడిచి ఇంటికొచ్చాను. ఎదురుగాలి, కన్నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. ఆవిడ ఎనిమిది నెలల్లో తొమ్మిది రోజులు నేను దొంగిలించానన్న లెక్క ఆ గట్టు మీదే తట్టింది.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి రమ్మంది. టీ పెట్టమంది, తను తాగేదాకా ఆగి, ఎందుకు చేశావని అడిగింది. అప్పుడు చెప్పాను, రేకుల పంచ సంగతీ, నెయ్యి సంగతీ, ఆ నవ్వు సంగతీ. ఇల్లరికం అన్న మాటకి ఇంగ్లీషు దొరక్క చాలాసేపు తంటాలు పడ్డాను. అంతా విని ఆవిడ ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ళ నాన్నగారు ఆ పటం బల్లమీద పరిచి ఆవిడ తమ్ముణ్ణి పిలిచి, ఇదంతా నీదిరా అని చూపించేవారట. ఆవిడ బల్లకి అవతల నిలబడి తలకిందులుగా చదువుకునేదట. నలభై ఏళ్ళు కళ్ళు పోగొట్టుకుని తను పూర్తి చేసిన పటంలో, తన పేరు దగ్గర గీత ఆగిపోతుంది, తమ్ముడికి ముగ్గురూ ఆడపిల్లలే కనుక ఇంటిపేరు అతనితో సరి అని అతను బాధపడేవాడట. "అసలది ఒక ఆడపిల్ల వల్లే ఇంతదాకా వచ్చిందన్నమాట" అంది. తర్వాత ఆ తూర్పు హద్దు మళ్ళీ చదవమంది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు చదివించిందో నాకు గుర్తులేదు. ఆలిస్ పేరు వచ్చినప్పుడల్లా పెదవులు కదిపేది.

తమ్ముడికి ఫోన్ చేసింది. నేను గదిలోనే ఉన్నాను, అతని మాటలు వినపడలేదు గానీ ఆవిడ ముఖం కనపడింది. ఉన్నదున్నట్టు ఉండనివ్వు, ఎవరికి తెలుస్తుంది, నాన్న పటాన్ని మార్చకు అన్నాడట. మారిస్తే ఆ పుస్తకంలో తన పేరు వద్దన్నాడట. నాకు తెలిసిపోయిందిగా అని ఆంటీ ఫోన్ పెట్టేసింది. ఆవిడకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క తోబుట్టువు అతను. ఆ తర్వాత అతను చాలాకాలం ఫోన్ చేయలేదు. టెలిఫోన్ మోగినప్పుడల్లా ఆవిడ చదవడం ఆపమని చెయ్యెత్తేది.

పుస్తకం ఆవిడకి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుండగానే వచ్చింది. పటంలో రాబర్టు నుంచి ఆలిస్‌కి నిండు గీత, పక్కన వాల్టర్, మిల్లువాడి కొడుకు. ముందుమాటలో, ఈ లింకు తేల్చిన పద్ధతి ఆంధ్రదేశంలో దస్తావేజులు రాసే ఒక పెద్దమనిషిదని రాయించి, మా నాన్నగారి పేరు, ఫలానా వారి అల్లుడు అని కాదు, ఆయన పేరు ఇంటిపేరుతో సహా వేయించింది. ఒక కాపీ నాన్నగారికి పంపాను, వాల్టర్ కథంతా, ఆ చర్చి కాగితంలోని హద్దులతో సహా, వేరే ఉత్తరంలో రాశాను. ఆయన దగ్గర్నించి జవాబుగా ఒక కార్డు వచ్చింది. తన పేరు అచ్చయిన సంగతి అందులో ఎత్తలేదు. చర్చి చెక్కకి మూడు హద్దులే రాశారు, ఉత్తరపు హద్దు లేదు, అది చెల్లని కాగితం అని ఒక తప్పు పట్టి, చివర్లో ఒకే ఒక్క వాక్యం రాశారు: 'పాపం, ఆ వాల్టర్ని వాళ్ళ ఊళ్ళో ఏమని పిలిచేవారో.'

ఆయన నవ్వు వెనక ఏముండేదో నాకు ఆ కార్డు వచ్చేదాకా తెలియదు. ఆంటీకి ఆ వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ లాటిన్ కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయట, పేరు కొడితే చాలు, నాలుగు నెలలు ఆగక్కర్లేదు, ఎవరి గొంతూ ఎవరూ వినక్కర్లేదు. మంచిదే, నేను పాతకాలాన్ని నెత్తిన పెట్టుకునే మనిషిని కాను. ఈ మధ్య నా కళ్ళకీ మసక మొదలైంది. మా అమ్మాయి నా ఫోన్‌లో ఏదో పెట్టి ఇచ్చింది, ఏ కాగితం ముందు పట్టినా అది గడగడా చదివేస్తుంది. పోయిన వారం ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరం పట్టాను. ఎడమకంటి చూపు ఇక తిరిగి రాదన్న వాక్యాన్ని, కారు ఎక్కడ పార్కు చేసుకోవాలో చెప్పిన గొంతుతోనే చదివింది. ఒక్క మాట వదల్లేదు. అలాగే చదవాలి, ఆంటీ నన్ను అడిగింది కూడా అదే. కానీ ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తడబడి, చదవనా వద్దా అని ఒక్క క్షణం ఆగి, పక్క లైనులోకి జారుకునే మనిషి ఎవరైనా నా ఎదురుగా ఉంటే ఎంత బాగుండేది. నేనూ కోప్పడి ఇంటికి పొమ్మనేదాన్ని, నాలుగు రోజులు పోయాక ఫోన్ చేసి రమ్మనేదాన్ని.